ఒమన్ రాళ్ల యాత్ర: 75 రియాళ్ల టూర్, 4 రియాళ్ల పెట్రోల్

మా మామయ్య బేతంచెర్ల నాపరాయి గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేశారు. జనవరిలో మస్కట్ వచ్చినప్పుడు మాల్స్ చూపిస్తే రెండో రోజుకే విసుగొచ్చింది ఆయనకు. అందుకే 75 రియాళ్లు, అంటే 16,000 రూపాయల పైనే పెట్టి, ఒక రోజు రాళ్ల టూర్ మాట్లాడాను. సమాయిల్ కొండల దగ్గర గంటసేపు ఆపుతామని ఏజెంట్ ఒప్పుకున్నాడు.

సమాయిల్ వచ్చింది. డ్రైవర్ 120 మీద పోతూనే ఉన్నాడు. ఆపమంటే "నల్లరాళ్లే కదా, అక్కడేముంది?" అన్నాడు. నిజ్వాలో మాత్రం తనకు తెలిసిన హల్వా కొట్టు ముందు గంటన్నర కూర్చోబెట్టాడు. నా భార్య మొహం అక్కడే మాడిపోయింది. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

జబల్ షమ్స్ కొండ మీద మాకిచ్చింది నలభై నిమిషాలు. కిలోమీటరు లోతు లోయ, అంచు నుంచి అడుగుదాకా సున్నపురాయి పొరలు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే మామయ్య వంగి నేల చూస్తున్నారు. "నాయనా, ఇట్ల రా" అని పిలిచారు. రాతిలో గవ్వల ముక్కలు! డైనోసార్ల కాలంలో లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న సున్నపు బురద ఇప్పుడు రెండు వేల మీటర్ల ఎత్తున ఉంది. బేతంచెర్ల రాయిలో గవ్వ ఎప్పుడూ చూడలేదన్నారాయన. అది దీనికన్నా ఎన్నో రెట్లు పాతది.

సమాయిల్ బాకీ అలాగే ఉండిపోయింది. తర్వాతి శుక్రవారం పొద్దున్నే మా చిన్న కారులో వెళ్లాం. పెట్రోల్ 4 రియాళ్లు, దారిలో పరోటా, టీ ముగ్గురికీ 1 రియాల్ 200 బైసాలు.

ఎండిన వాగులో నడిచాం. సుమారు 9.5 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు, దాని కింద ఉండాల్సిన మాంటిల్ (భూమి పైపెంకు కింది పొర) రాయితో సహా, అరేబియా భూభాగం అంచు మీదికి ఎక్కి ఇక్కడ కొండలై నిలబడింది. వేరేచోట కిలోమీటర్ల లోతు తవ్వినా అందని రాయిని మామయ్య అరచేత్తో తడిమారు. పైన తుప్పు రంగు, పగిలిన చోట ముదురు ఆకుపచ్చ, పాము చర్మంలా నునుపు. దాని నిండా తెల్లటి గీతలు. వాననీళ్లలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ ఈ రాయితో కలిసి అలా తెల్లరాయిగా గడ్డకడుతుంది. ఆ గ్యాస్‌ను కావాలనే ఇలా రాయిగా మార్చవచ్చా అని శాస్త్రవేత్తలు ఒమన్‌లోని ఇలాంటి రాళ్లలోనే పరీక్షలు చేస్తున్నారు. ఈ సంగతి చెప్పాక మామయ్య ఒక్కో గీతనూ వేలితో కొలుస్తూ రెండు గంటలు అక్కడి నుంచి కదల్లేదు.

జబల్ షమ్స్‌కు ఫోర్ వీల్ బండి తీసుకోండి, కానీ ఎక్కడెక్కడ, ఎంతసేపు ఆపాలో కాగితం మీద రాయించుకుని, సగం డబ్బే ముందివ్వండి. సమాయిల్‌కు టూర్ అక్కర్లేదు. కొండల మీద మబ్బు కనిపిస్తే మాత్రం వాగులోకి దిగొద్దు, వరద నిమిషాల్లో వస్తుంది.