ఆర్గానిక్ ముద్రా, సీతాకోకచిలుక ముద్రా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు సరుకుల దగ్గర తరచూ వచ్చే సందేహం ఇది. జన్యుమార్పిడి పంటలు వద్దనుకుంటే యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఆర్గానిక్ ముద్ర ఉన్నది కొనాలా, సీతాకోకచిలుక బొమ్మ వేసిన నాన్-జీఎంఓ ప్రాజెక్ట్ (జన్యుమార్పిడి లేని సరుకులకు ముద్ర ఇచ్చే సంస్థ) ప్యాకెట్ సరిపోతుందా?

ధర: సాధారణంగా ఆర్గానిక్‌కే ఎక్కువ.

పురుగుమందులు: ఆర్గానిక్‌లో రసాయన మందులు, ఎరువులు చాలావరకు నిషేధం. సీతాకోకచిలుకకు ఆ పట్టింపే లేదు. మామూలుగా మందు కొట్టిన పంటకూ ఆ ముద్ర పడుతుంది.

పరీక్ష: ఇక్కడ మాత్రం సీతాకోకచిలుకదే పైచేయి. మొక్కజొన్న, సోయా లాంటి, జన్యుమార్పిడి రకాలు కలిసే రిస్క్ ఉన్న పంటలకు పరీక్ష తప్పదు. మనుషులు తినేవాటిలో జన్యుమార్పిడి పదార్థానికి హద్దు 0.9 శాతం. ఆర్గానిక్ రైతు జన్యుమార్పిడి విత్తనం వేయకూడదు, కానీ ప్రతి సరుకునూ పరీక్షించరు, అంకెల్లో హద్దూ పెట్టలేదు. సాగు పద్ధతినీ తనిఖీలనూ నమ్ముకోవాలి.

భద్రత: దీని గురించి రెండూ ఏమీ చెప్పవు. అది ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) చూసుకునే పని. అక్కడ కూడా కొత్త జన్యుమార్పిడి పంట గురించి కంపెనీ ముందే సంప్రదించడం స్వచ్ఛందమే! 2022 నుంచి తప్పనిసరైన ‘బయోఇంజనీర్డ్’ (జన్యుమార్పిడి చేసినది) గుర్తు కూడా సమాచారం కోసమే, హెచ్చరిక కాదు.

పురుగుమందుల టెన్షన్ కూడా ఉంటే ఆర్గానిక్ తీసుకోండి. జన్యుమార్పిడి ఒక్కటే వద్దనుకుంటే టోఫు, కార్న్‌ఫ్లేక్స్, కనోలా నూనెకు సీతాకోకచిలుక చాలు. కందిపప్పు, మినపప్పుల్లో అసలు జన్యుమార్పిడి రకాలే అమ్మకంలో లేవు. వాటికి ఆ బొమ్మ కోసం అదనంగా పెట్టే డబ్బు దండగ.