ఓపెన్‌సీస్‌లో ఆరేళ్లుగా షియర్ వాల్స్ మోడల్ చేస్తున్నాను, నా అనుభవం

నల్లగొండలో కూర్చుని భూకంపం లెక్కలెందుకు, మనది భూకంప ముప్పు తక్కువుండే జోన్ 2 కదా అని చాలామంది అడుగుతారు. 2020 జనవరిలో పులిచింతల చుట్టుపక్కల అర్ధరాత్రి భూమి కదిలింది, 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వస్తే హైదరాబాద్ దాకా తెలిసింది. పైగా నాకొచ్చే పనంతా అల్యూమినియం షట్టరింగ్ అపార్ట్‌మెంట్లే. ఇటుక ఉండదు, గోడలన్నీ 160 మిల్లీమీటర్ల కాంక్రీటే, భూకంపం వస్తే మోయాల్సింది ఆ గోడలే, వాటినే షియర్ వాల్స్ అంటాం.

ఓపెన్‌సీస్ అంటే భూకంపంలో కట్టడం ఎలా కదులుతుందో లెక్కించే సాఫ్ట్‌వేర్, అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టింది, డౌన్‌లోడ్‌కి డబ్బులక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. బొమ్మ గీసే స్క్రీన్ మాత్రం ఉండదు, అంతా కోడే. మొదట టీసీఎల్ అనే కోడింగ్ భాషలో రాసేవాణ్ణి, పైథాన్‌కి మారాక ప్రాణం కుదుటపడింది. యూనిట్లు అది పట్టించుకోదు, మనమే చూసుకోవాలి. న్యూటన్లు, మిల్లీమీటర్లు వాడితే ద్రవ్యరాశి (మాస్) టన్నుల్లో ఇవ్వాలి. నేను కిలోల్లో ఇచ్చాను, 0.4 సెకన్లు ఉండాల్సిన పీరియడ్, అంటే బిల్డింగ్ ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం, 12.6 వచ్చింది, రెండు రోజులు ఎక్కడ తప్పో దొరకలేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టింది మెష్, అంటే లెక్క కోసం గోడని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టడం. గోడ అడుగున ఎలిమెంట్ ఎత్తు 600 మిల్లీమీటర్ల నుంచి 200కి తగ్గించగానే అదే గోడ చాలా ముందే నలిగిపోయినట్టు చూపించింది. మెష్ చిన్నదైతే జవాబు మెరుగవుతుందని కాలేజీలో చదివాం కదా, ఇక్కడ అది పనిచేయదు. కాంక్రీట్ నలగడం మొదలయ్యాక వంపంతా ఆ ఒక్క ఎలిమెంట్‌లోకే చేరుతుంది, ఎలిమెంట్ మూడో వంతైతే అదే కదలికకి స్ట్రెయిన్ (పొడవుతో పోలిస్తే ఎంత నొక్కుకుందన్న లెక్క) దాదాపు మూడింతలవుతుంది. అందుకే ఎలిమెంట్ ఎత్తుని బట్టి కాంక్రీట్ బలం చూపే కర్వ్‌లో పీక్ తర్వాత దిగే భాగాన్ని సరిచేయాలి, నలగడానికి పట్టే ఎనర్జీ మారకుండా. ఇది చేయకుండా ఎవరైనా రిపోర్ట్ ఇస్తే నేను అందులో డ్రిఫ్ట్ నంబర్లు (ఎత్తుతో పోలిస్తే గోడ ఎంత పక్కకి జరిగిందన్నవి) నమ్మను.

షియర్, అంటే గోడని అడ్డంగా కోసేలా పనిచేసే బలం, దాని సంగతి కూడా ఉంది. ఓపెన్‌సీస్‌లో గోడల కోసం ఉన్న ఎంవీఎల్‌ఈఎం అనే ఎలిమెంట్‌లో వంపుకి ఒక లెక్క, షియర్‌కి విడిగా ఒక స్ప్రింగ్, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. సన్నగా ఎత్తుగా ఉన్న గోడలకి ఫర్వాలేదు, పొట్టి గోడలకి నప్పదు. వాటికి రెండూ కలిపి చూసే ఎస్ఎఫ్ఐ రకం ఎలిమెంట్ వాడుతున్నాను, బాగా నెమ్మది, కానీ పగుళ్లు పడ్డాక గోడ ఎంత మెత్తబడుతుందో నిజానికి దగ్గరగా చూపిస్తుంది. పునాదిలోకి దిగిన రాడ్ కొంచెం జారుతుంది, దాన్ని కూడా మోడల్‌లో పెట్టాలి, లేదంటే గోడ ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది.

రాత్రి రన్ పెట్టి పడుకుంటే పొద్దున్నే కన్వర్జ్ కాలేదని, అంటే లెక్క తేలక మధ్యలో ఆగిపోయిందని మెసేజ్, టెన్షన్ వస్తుంది, నిజమే. స్టెప్ తగ్గించండి, క్రిలోవ్ న్యూటన్ అనే ఇంకో లెక్క పద్ధతి పెట్టి చూడండి, అంతేగానీ టాలరెన్స్ (ఎంత తప్పు ఒప్పుకోవాలన్న హద్దు) వెయ్యి రెట్లు వదులు చేసి ముందుకి నెట్టొద్దు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సొంత బిల్డింగ్ జోలికి పోకముందు థామ్సన్, వాలెస్ అనే పరిశోధకులు ల్యాబ్‌లో పరీక్షించిన ఆర్‌డబ్ల్యూ2 అనే గోడని మోడల్ చేయండి. 3.66 మీటర్ల ఎత్తు, 1.22 పొడవు, 10 సెంటీమీటర్ల మందం, కొలతలన్నీ దొరుకుతాయి. నాకు మూడు నెలలు పట్టింది. పరీక్షలో వచ్చిన పీక్ లోడ్‌తో మోడల్‌ది కలవడం తేలిక, వెనక్కి తోసేటప్పుడు కర్వ్ నడుము దగ్గర సన్నబడే తీరు కలిసిందా లేదా అన్నది చూడండి.

ఒక్క విషయంలో మాత్రం ఓపెన్‌సీస్ నాకు సరిపోలేదు. 2010లో చిలీలో, 2011లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో వచ్చిన భూకంపాల్లో కొన్ని పలుచటి గోడలు మందం వైపుగా పక్కకి ఉబ్బి విరిగాయి. నేను వాడే ఈ రకం మోడల్స్‌లో గోడ అలా పక్కకి పోవడమే ఉండదు, కర్వ్ చివరిదాకా చక్కగా వస్తుంది. మన 160 గోడలకి నాకున్న భయమే అది, అందుకే ఆ చెక్ ప్రతి గోడకీ విడిగా చేత్తో చేస్తున్నాను, తేడాగా అనిపిస్తే చివరన మందం పెంచమని క్లయింట్‌తో గట్టిగా చెబుతున్నాను.