మోకాళ్ల అరుగుదలకు వంటింటి టైమర్: మూడు రకాల్లో ఏది పనికొస్తుంది?

మోకాళ్లలో గుజ్జు అరిగిందని తేలాక డాక్టర్లు చెప్పే జాగ్రత్తల్లో ఆచరణకు అన్నిటికంటే కష్టమైనది 'మధ్యమధ్యలో ఆగుతూ పని చేసుకోండి' అన్నదే. ఎప్పుడు ఆగాలి? నొప్పి ఎక్కువయ్యాక ఆగితే ఆలస్యమైనట్టే. కాస్త తేలిగ్గా ఉన్న రోజు ఇల్లు దులిపి, దుప్పట్లు ఉతికి, పిండి రుబ్బి, ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగలేకపోవడం చాలా ఇళ్లలో చూసేదే. నొప్పి కోసం చూడకుండా గడియారం చూసి ఆగితే ఈ తంతు తగ్గుతుంది. ఆ పనికి వంటింటి టైమర్ చవకైన సాధనం. దుకాణాల్లో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటే సరిపోదా అంటారు కొందరు. విజిల్ ఆవిరి ఒత్తిడికి వస్తుంది, మంట పెంచితే ముందే వస్తుంది. దాంతో సమయం లెక్క తేలదు.

మొదటిది చేత్తో తిప్పే స్ప్రింగు టైమర్. బ్యాటరీ అక్కర్లేదు, అంకెలు పెద్దవి, ఇంకెంత మిగిలిందో దూరం నుంచే తెలుస్తుంది. అయినా మేం దీన్ని ఆఖరున పెడతాం. మోకాళ్లు అరిగినవాళ్లలో చాలామందికి బొటనవేలి మొదట్లో ఉండే కీలు కూడా అరిగి ఉంటుంది. వాళ్లకు ఆ చిన్న డబ్బాను గట్టిగా పట్టి మెలితిప్పడమే ఒక బాధ. పైగా పది నిమిషాలు పెట్టాలని నేరుగా పది దగ్గర ఆపితే చాలా మోడళ్లలో స్ప్రింగు సరిగా బిగుసుకోదు. మధ్యలో ఆగిపోతుంది, లేదా గంట మోగకుండానే సున్నాకి వస్తుంది. ముందు 20 దాటేదాకా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి పదికి తేవాలి. అట్టపెట్టె మీద ఈ మాట ఉన్నా చదివేదెవరు!

రెండోది వెనక అయస్కాంతం ఉండే డిజిటల్ టైమర్. సాధారణంగా రెండు మూడు వందల్లోపే వస్తుంది. ముందుకు లెక్కపెట్టే సౌకర్యం, అంటే స్టాప్‌వాచ్, ఉన్నదే తీసుకోండి. అసలు కొలత దాంతోనే తేలాలి. మూడు రోజులు, అందులో ఒకటైనా నొప్పి ఎక్కువున్న రోజు అయ్యేలా చూసుకుని, పొయ్యి దగ్గర నిలబడ్డ క్షణం నుంచి నొప్పి పెరగడం మొదలయ్యే వరకు ఎంతసేపో రాసుకోండి. 12, 18, 15 నిమిషాలు వచ్చాయనుకుందాం. సగటు 15. అందులో ఐదో వంతు తీసేస్తే 12. మీ టైమర్‌లో పెట్టాల్సింది 12. వారం పాటు నిలకడగా గడిస్తే 13కి వెళ్లండి. ఒంట్లో బాగుందని ఒకేసారి 20కి ఎగబాకితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

దీని లోపాలు మీటల దగ్గరే ఉన్నాయి. నిమిషం మీటను పన్నెండుసార్లు నొక్కడం వాచిన వేళ్లకు చిరాకు. పాత సమయాన్ని గుర్తుంచుకుని ఒక్క నొక్కుతో మళ్లీ మొదలయ్యే మోడల్ అయితే ఈ ఇబ్బంది లేదు. సన్నటి కీచు శబ్దం వయసు పైబడిన చెవులకు సరిగా వినపడదు, మిక్సీ తిరుగుతుంటే అసలే వినపడదు. దుకాణంలోనే మోగించి చూడండి, లైటు వెలిగేదైతే ఇంకా మంచిది. గుండ్రటి బిళ్ల బ్యాటరీది వద్దు, సన్న పెన్సిల్ సెల్ వేసేది కొనండి. బిళ్ల తీయడానికి గోళ్లతో తంటాలు పడాలి, అది మనవల నోట్లోకి వెళ్తే ప్రాణాపాయం. అయస్కాంతం ఫ్రిజ్ తలుపుకి అంటుకుంటుంది, గ్రానైట్ గట్టుకి అంటుకోదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీన్ని చొక్కా జేబులో వేసుకోకూడదు.

మూడోది ఘనాకారపు టైమర్. ముఖాల మీద 5, 10, 15, 30 లాంటి అంకెలుంటాయి, కావాల్సిన అంకె పైకి వచ్చేలా పెడితే లెక్క మొదలవుతుంది. నొక్కే పని లేదు, తిప్పే పని లేదు. పిండి చేత్తోనే బోర్లించవచ్చు. ధర ఎక్కువే, అంకెలు మార్చుకునే వీలు చాలా వాటిలో ఉండదు. 12 కావాలంటే 10 ముఖం వాడండి, 15 కాదు. కొలత తేలిపోయాక రోజువారీ వాడకానికి మా ఓటు దీనికే, ముఖ్యంగా చేతివేళ్లు కూడా నొప్పి ఉన్నవాళ్ల విషయంలో. ఫోన్‌లో ఉచితంగా వస్తుందిగా అంటే వస్తుంది. కాకపోతే ఆపడానికి ఫోన్ తీసిన చెయ్యి వాట్సాప్‌లోకి వెళ్లిపోతుంది, విశ్రాంతి కాస్తా అరగంట అవుతుంది. అదీ నష్టమే. అరిగిన కీలు కదలకుండా ఎక్కువసేపు ఉంటే బిగుసుకుపోతుంది. లేచిన మొదటి నాలుగు అడుగులు పట్టేసినట్టుండేది అందుకే. కూర్చున్న ఐదు పది నిమిషాలకు కూడా టైమర్ పెట్టండి, ఆ లోపు మోకాలిని నెమ్మదిగా చాచి ముడుస్తూ ఉండండి.

ఏ టైమర్ కొన్నా పని బరువు దానికి తెలియదు. కూర కలుపుతూ 12 నిమిషాలు నిలబడటం వేరు, గొంతుక్కూర్చుని ముగ్గు వేయడం వేరు. లోతుగా వంగిన మోకాలి మీద ఒత్తిడి చాలా ఎక్కువ. ముగ్గుకూ, కత్తిపీటకూ, బండ మీద బట్టలకూ ఇదే కొలత వాడకూడదు. వాటిని వీలైతే బల్ల ఎత్తుకి మార్చుకోవాలి, లేదా ఇంట్లో మరొకరికి అప్పగించాలి. నిండు బకెట్టంటే 15 నుంచి 20 కిలోలు, సగం నింపి రెండుసార్లు తెచ్చుకోండి. టైమర్ మోగినప్పుడు 'ఈ ఒక్క పోపు వేసి కూర్చుంటా' అనడమే అందరూ చేసే తప్పు. కూరగాయలు ముందే కూర్చుని తరిగిపెట్టుకుంటే, టైమర్ మోగేసరికి పొయ్యి మీద ఆపలేని పని ఉండదు.

టైమర్‌తో పాటు ఎత్తు స్టూలు లేకపోతే సగం ఖర్చు వృథా. గట్టు 33 అంగుళాలుంటే కూర్చునే పీట 23, 24 అంగుళాలు ఉండాలి, పాదాలు ఆనడానికి అడ్డకడ్డీ ఉండాలి, కాళ్లకు రబ్బరు తొడుగులు ఉండాలి. తిరిగే సీటు, చక్రాలు వద్దు. ప్లాస్టిక్ కుర్చీ అయితే గట్టుకి మరీ కిందికి వస్తుంది, లేచేటప్పుడు మోకాలికి భారం.

కొలత సరిపోయిందో లేదో రెండు గంటల తర్వాత తేలుతుంది. పనికి ముందున్న నొప్పి కంటే అప్పుడు ఎక్కువగా ఉంటే మర్నాడు రెండు నిమిషాలు తగ్గించండి. మోకాలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి వాస్తే, జ్వరం తోడైతే, కాలు మోపలేకపోతే మాత్రం నిమిషాలు సవరిస్తూ కూర్చోవద్దు. ఆ రోజే డాక్టరుకి చూపించాలి.