సున్నానికి పిలవండి, వంటగదికి వద్దు: చిత్తూరు పాత చర్చిని హాలుగా మార్చిన మేస్త్రీల పని ఎలా ఉంది?

చిత్తూరులో మిషన్ కాలపు చర్చి ఒకటి ఇప్పుడు సమావేశాల హాలు అయింది. పక్క గదుల్లో ఒకటి టిఫిన్ సెంటరు, ఇంకొకటి కుట్టుపని నేర్పే గది. ఆరాధన పక్కనే కట్టిన కొత్త మందిరానికి మారాక పాతది కొన్నాళ్లు పావురాల పాలైంది. దాన్ని బాగుచేసిన సున్నపు మేస్త్రీల బృందం పని మీద ఈ సమీక్ష. గోడలకూ కప్పుకూ వీళ్లను ధైర్యంగా పిలవచ్చు. శబ్దం, వంటగది మాత్రం వీళ్ల చేతిలో పెట్టకండి.

స్కడర్ అనే అమెరికన్ మిషనరీ కుటుంబం 1853లో నిలబెట్టిన ఆర్కాట్ మిషన్‌కు చిత్తూరు ముఖ్య కేంద్రాల్లో ఒకటి. అందుకే ఇలాంటి కట్టడాలు ఈ చుట్టుపక్కల ఇంకా కనిపిస్తాయి. ఈ హాలు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, సగటున 7 మీటర్ల ఎత్తు. గోడలు సున్నంతో కట్టిన 18 అంగుళాల ఇటుక గోడలు. పైన టేకు దూలాలు, మంగళూరు పెంకులు, కింద కడప బండలు.

అసలు జబ్బు ముసలితనం కాదు, సిమెంటు. ఎప్పుడో ఎవరో మంచి ఉద్దేశంతోనే గోడ అడుగున నాలుగడుగుల మేర సిమెంటు పూశారు. నేలలోంచి ఎక్కే తేమకు బయటికి దారి లేక పైకి పాకింది. సిమెంటు ఆగిన చోట చౌడు తేలి, ఇటుక పొడి పొడిగా రాలడం మొదలైంది. బృందం మొదట సిమెంటంతా ఒలిచింది, తేమ గీత కన్నా ఇంకో అడుగు పైదాకా. బయట ఏళ్లుగా పేరుకున్న మట్టిని తీసి, నేలమట్టాన్ని లోపలి గచ్చు కన్నా ఆరంగుళాలు కిందికి దించి కాలువ వేసింది. గోడ మందం అంగుళానికి నెల చొప్పున ఆరుతుందని ఒక మోటు లెక్క. రెండు వైపులా ఒలిస్తే అందులో సగం. 18 అంగుళాల గోడకు తొమ్మిది నెలలన్నమాట. చాలామంది గుత్తేదారులు ఇక్కడే తొందరపడి పూత వేసేస్తారు, ఏడాదికే చౌడు మళ్లీ తేలుతుంది. వీళ్లు ఆగారు. ఈ ఒక్కదానికే సగం మార్కులు ఇవ్వచ్చు.

పూతకు మొదటి వరస ఒక పాలు సున్నపు ముద్దకు మూడు పాళ్లు ఇసుక, పై వరస ఒకటికి రెండు. ఏ వరసా 12 మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే బీటలే. 100 చదరపు మీటర్ల గోడకు ఒక వరస వేయాలంటే దాదాపు 1.2 ఘనపు మీటర్ల ఇసుక, 0.4 ఘనపు మీటర్ల సున్నపు ముద్ద పడతాయి. పారేదానికి ఇంకో పదో వంతు కలుపుకోండి. ఏటి ఇసుకలో బంకమన్ను ఎంతుందో సీసాలో నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి చూస్తే తెలుస్తుంది. తేరుకున్నాక ఇసుక మీద బురద మందంగా నిలిస్తే ఆ లోడు వెనక్కి పంపాల్సిందే. కరక్కాయ నీళ్లు, బెల్లం పాత పద్ధతిలోనే కలిపారు. బెల్లం ఎక్కువైతే బలం ఎక్కువ అనుకునేవాళ్లున్నారు, కానీ సున్నం గట్టిపడటం ఆలస్యమవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. చిత్తూరు ఎండకు పూత ఒక్క పూటలో ఎండి దుమ్మవుతుంది కాబట్టి తడి గోనెలు కట్టి, రోజుకు రెండు మూడు సార్లు నీళ్లు చిలకరించారు.

ఒక్క లోపం. మేస్త్రీ లేని రోజున కూలీలు త్వరగా పట్టుకుంటుందని సున్నంలో సిమెంటు కలిపేశారు. ఉత్తరం గోడ మీద ఆ మేర ఇప్పటికీ బూడిద రంగులో తెలుస్తోంది. పని జరుగుతున్నంత కాలం సిమెంటు బస్తాను కాంపౌండు లోపలికే రానివ్వకండి. మూడు నాలుగు నెలలయ్యాక పూతలో చిన్న ముక్క విరిచి, విరిగిన చోట ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ద్రావణం) చుక్కలు వేయండి. గులాబీ రంగు తేలిన మేర సున్నం ఇంకా గాలి పీల్చుకోలేదని అర్థం. అంతవరకు పైన రంగు వద్దు. ఆ తరువాతైనా ప్లాస్టిక్ పెయింటు జోలికి పోకుండా, పల్చటి సున్నం మూడు నాలుగు చేతులు వేయించండి.

కప్పు పని చూడముచ్చటగా ఉంది. చూరుతో కలిపి 215 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 15 చొప్పున 3,200కు పైగా పెంకులు. ఒక్కోదాన్నీ వేలితో కొట్టి చూశారు. ఖంగుమంటే ఉంచారు, డొల్లగా పలికితే పక్కన పడేశారు. వేర్వేరు ఫ్యాక్టరీల పెంకుల గాడులు ఒకదానికొకటి కూర్చోవు. అందుకని పాతవన్నీ ఒక వాలుకు చేర్చి, కొత్తవి రెండో వాలుకు పరిచారు. ఈ తెలివి అందరికీ ఉండదు. గోడలోకి దిగిన దూలాల కొసలు పుచ్చిపోతే, ఆరిన టేకుతో అతుకు వేసి జింకు పూత ఉన్న బోల్టులు బిగించారు. కొస చుట్టూ అంగుళం ఖాళీ వదిలారు, గాలి ఆడకపోతే మళ్లీ పుచ్చుతుంది. చూరు దగ్గరి వరసల్ని తీగతో కట్టారు కానీ కోతుల సంగతి మరిచారు. రెండొందల పెంకులైనా అదనంగా కొని పెట్టుకోవాలి.

ఇక హాలులో మాట్లాడితే మాట మీద మాట పడుతుంది. ఈ కొలతల హాలులో ఘనపరిమాణం 1,134 ఘనపు మీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు మోత మూడు సెకన్లు నిలిస్తే, దాన్ని 1.2 సెకన్లకు తేవడానికి సబీన్ లెక్క (గది ఘనపరిమాణం, శబ్దాన్ని పీల్చే వైశాల్యం బట్టి మోత ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సూత్రం) ప్రకారం, తగిలిన శబ్దాన్నంతా పీల్చేసే ఉపరితలం దాదాపు 90 చదరపు మీటర్లు అదనంగా కావాలి. గుడ్డ చుట్టిన రెండంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార) పలకలైతే 110 చదరపు మీటర్ల పైచిలుకు. 150 మంది కూర్చుంటే వాళ్ల ఒళ్లూ బట్టలే అందులో ఎక్కువ భాగం పీల్చేస్తాయి. తంటా అంతా ఇరవై మంది మీటింగుకే. బృందం చేసిందేమిటంటే, గుడ్ల ట్రే ఆకారపు ఫోమును జిగురుతో గోడకు అంటించింది. అది సన్నని శబ్దాన్ని తప్ప పీల్చదు, నిప్పంటుకుంటే ఆగదు, కింద సున్నాన్ని ఊపిరాడనివ్వదు. పలకల్ని దూలాల మధ్య తీగలతో వేలాడదీయాలి. రెండు వైపులా శబ్దం తగులుతుంది కాబట్టి తక్కువే సరిపోతాయి.

వంటగదిలో సున్నపు గోడ మీద సిమెంటుతో టైల్స్ అతికించారు. దోసె పెనం వెనక వరస ఇప్పటికే ఉబ్బింది. అక్కడ కావాల్సింది గోడకు అంగుళం ఎడంగా నిలిపిన స్టీలు రేకు, పైన ఆవిరిని లాగే చిమ్నీ, సిలిండర్లకు బయట గది. కరెంటు వైర్ల కోసం గోడలు తొలవలేదు, పైపుల్లోనే పైకి కనిపించేలా నడిపారు. అది మంచి పనే. హాలు తలుపులు మాత్రం ఇప్పటికీ లోపలికే తెరుచుకుంటున్నాయి. జనం చేరే చోట అవి బయటికి తెరుచుకోవాలి.

అద్దె కాగితం గురించి ఒక మాట. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆస్తుల్లో చాలావరకు ట్రస్టు అసోసియేషన్ పేరున ఉంటాయి. పాస్టరుగారి సంతకం చూసి అడ్వాన్సు ఇచ్చి కూర్చోకండి. గోడల్లోని జ్ఞాపక ఫలకాలు కదపకూడదని సంఘం పెట్టిన షరతును ఈ బృందం అక్షరాలా పాటించింది.

రేట్లు మొత్తం మీద కాకుండా పనివారీగా రాయించుకోండి: ఒలవడం వేరు, పూత వేరు, పెంకులు వేరు. చివరి బిల్లులో పది శాతం కార్తీకం వానలు దాటేదాకా ఆపడానికి వీళ్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోని మేస్త్రీకి కప్పు అప్పగించకండి.