జపాన్ ధూపపాత్ర: సత్సుమా తరహానా, నిన్సేయ్ తరహానా, ఏది మేలు?

పాత శైలిలో చేసిన జపాన్ ధూపపాత్ర కొనాలనుకునేవాళ్లకు తరచూ కనబడేవి ఈ రెండు రకాలే. జపాన్‌లో ధూపపాత్రను కోరో అంటారు.

సత్సుమా తరహాది చూడగానే కళ్లకు కడుతుంది. దంతపు రంగు పూత మీద వెంట్రుకల్లాంటి పగుళ్ల గీతలు, ఆపైన బంగారు నగిషీ, మూత మీద తరచూ ఓ సింహం. పదహారో శతాబ్దం చివర కొరియా నుంచి తీసుకొచ్చిన కుమ్మరులతో జపాన్‌లోని క్యూషూ దీవి దక్షిణాన, సత్సుమా ప్రాంతంలో మొదలైన పని ఇది. 1867 పారిస్ ప్రదర్శన తర్వాత పాశ్చాత్య దేశాల్లో గిరాకీ పెరిగింది. క్యోటో, ఒసాకాల్లోనూ ఇదే తరహాలో చేసి అమ్మారు. ఆ ఊపులో ఖాళీ జాగా మిగల్చకుండా నింపేయడం అలవాటైపోయింది. నాకు నచ్చనిది అదే.

నిన్సేయ్ దారి వేరు. 17వ శతాబ్దంలో క్యోటోలోని నిన్నాజీ ఆలయం దగ్గర ఆవం పెట్టిన కుమ్మరి నోనోమురా నిన్సేయ్ చేసిన ఫెజెంట్ పక్షి కోరో ఇప్పుడు కనజావాలో, ఇషికావా ప్రిఫెక్చర్ కళా మ్యూజియంలో ఉంది. జపాన్ దాన్ని జాతీయ సంపదగా ప్రకటించింది. పొడవు సుమారు 48 సెంటీమీటర్లు. పక్షి పైభాగమే మూత, పొగ వీపు మీది రంధ్రాల్లోంచి వస్తుంది. అంత పొడుగు తోకను నేలకు ఆనకుండా నిలబెట్టి, కాల్పులో వంగిపోకుండా బయటికి తీయడం మామూలు పనితనం కాదు. ఇక్కడ అందమంతా ఆకారంలోనే ఉంది, రంగులు దాని వెంట నడుస్తాయి. తర్వాతి క్యోటో కళాకారులు ఈ బాణీని కొనసాగించారు.

అడుగున ముద్ర చూసి మాత్రం నమ్మకండి. నిన్సేయ్ పేరుతో ముద్ర, సత్సుమా పాలకుల వంశచిహ్నమైన వలయంలో శిలువ, రెండింటినీ తర్వాతివాళ్లు ధారాళంగా వేశారు.

రోజూ ధూపం వేయాలంటే ఈ రెండూ వద్దు. మూత పెట్టి వెలిగిస్తే పొగ జిడ్డు లోపలా, రంధ్రాల అంచుల్లోనూ పట్టేస్తుంది. పగుళ్లలోకి దిగితే ఇక వదలదు. పైగా మన అగరబత్తి వెదురుపుల్ల మీద చేసింది, చాలా కోరోల్లో మూత కింద పట్టదు. పుల్ల లేని జపాన్ ధూపకడ్డీని తుంచి, పాత్రలో పోసిన బూడిద మీద పడుకోబెట్టొచ్చు. అలాంటి వాడకానికి నగిషీ లేని, మూడు కాళ్ల సెలడాన్ (లేతాకుపచ్చ పూత వేసిన పింగాణీ) పాత్ర చాలు, తుడవడం తేలిక.

అలంకరణకే అయితే నా ఓటు నిన్సేయ్ తరహాకే. సత్సుమాయే కావాలనిపిస్తే భూతద్దం పట్టుకెళ్లండి. బొమ్మల ముఖాలు, బట్టల మడతలు ఒక్కో గీతా విడివిడిగా కనిపిస్తేనే బేరం మొదలుపెట్టండి. ఏ రకమైనా మూత పెట్టి మెల్లగా తిప్పి చూడండి, ఊగిసలాడితే అది వేరే పాత్రది అయ్యుండొచ్చు.