మూడేళ్లు, నాలుగు పాటలు: మా మ్యూజిక్ వీడియో సామాను ఎట్లా పనిచేసింది

కర్నూలులో డిగ్రీ చదివిన మూడేళ్లలో మేం ఐదుగురం కలిసి నాలుగు మ్యూజిక్ వీడియోలు తీశాం. పాటలు మావే. మాలో ఒకడు రాస్తాడు, ఒకమ్మాయి బాణీ కట్టి పాడుతుంది, నేను కెమెరా చూసుకుంటాను. కెమెరా అంటే ఫోనే. దాని చుట్టూ ఒక్కొక్కటిగా చేరినవి ఫోను ఊగకుండా పట్టుకునే గింబల్, ట్రైపాడ్, బ్లూటూత్ స్పీకర్, లెన్స్ మీద క్లిప్పులా తగిలించి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్, చిన్న ఎల్‌ఈడీ లైటు, మడిచే రిఫ్లెక్టర్. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్.

ఇప్పుడు జూనియర్లు వచ్చి "అన్నా, ముందు ఏం కొనాల?" అని అడుగుతున్నారు. కొన్న రోజే పెట్టె విప్పి చెప్పే సమీక్షలు ఎన్నో దొరుకుతాయి. మూడేళ్లు ఎండలో, గాలిలో తిప్పాక ఏది సంచిలోనే ఉండిపోయిందో, ఏది లేక షూటింగ్ ఆగిపోయిందో చెప్పేవి నాకు కనిపించలేదు. అందుకే రాస్తున్నాను. జవాబు ముందే చెప్పేస్తాను. మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినవి స్పీకరు, ఒక కాగితం. అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోసింది గింబల్ మీద. నాలుగో పాటలో గింబల్‌తో తీసిన షాట్లు మూడే.

గింబల్ చెడ్డదని కాదు. దానిలో మూడు మోటార్లు ఉంటాయి. ఫోను పక్కకు తిరగకుండా ఒకటి, పైకీ కిందికీ వంగకుండా ఒకటి, ఒక పక్కకు ఒరగకుండా ఒకటి పట్టుకుంటాయి. కానీ మనం అడుగు వేసినప్పుడు ఒళ్లంతా లేచి దిగుతుంది కదా, ఆ కదలికను అవి ఆపలేవు. ఇది తెలియక మొదటి పాటంతా కాలేజీ వరండాలో మామూలుగా నడుస్తూ తీశాను. ప్రతి షాటూ పడవలో కూర్చుని తీసినట్టు ఊగింది. మోకాళ్లు కొంచెం వంచి, మడమ ముందు ఆనించి, మెల్లగా నడవడం నేర్చుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది. మేడ మెట్ల మీద రోజూ సాయంత్రం అదే సాధన.

రెండో ఇబ్బంది బరువు. ఫోను ఒక్కటే ఉంటే గింబల్ హాయిగా మోస్తుంది. దానికి ఎన్‌డీ ఫిల్టర్ తగిలించగానే ఒక పక్క బరువు పెరిగి మోటారు సన్నగా వణికేది. ఆ వణుకు ఫోను తెరలో కనిపించదు, ఇంటికొచ్చి టీవీలో చూస్తే కనిపిస్తుంది. ఫిల్టర్ తగిలించాక ఫోనును క్లాంపులో అటూ ఇటూ జరిపి, మోటారు ఆన్ చేయకముందే చేతిని వదిలితే ఒరగకుండా నిలబడేలా సరిచూసుకోవాలి. ఈ ఒక్క పనితో వణుకు పోయింది. బ్యాటరీ మాత్రం మూడో ఏడు కూడా సగం రోజు వచ్చింది, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

అసలు లోపం మా వాడకంలో ఉంది. గింబల్ చేతిలో ఉంటే కెమెరాను కదిలించాలనిపిస్తుంది. మొదటి పాటలో కెమెరా ఆగిన షాటు ఒక్కటీ లేదు. పాడే అమ్మాయి కళ్లల్లో ఏం జరుగుతోందో చూడటానికి చూసేవాడికి తీరికే ఇవ్వలేదు మేం. రెండో పాట నుంచి ట్రైపాడ్‌తో మొదలుపెట్టి, ఏ లైనుకు కదలిక కావాలో ముందే అనుకుని, అక్కడే గింబల్ తీశాం.

స్పీకరు సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. పాట ముందే రికార్డయి ఉంటుంది, షూటింగులో దాన్ని వినిపిస్తే పాడేవాళ్లు దానితో కలిసి పాడతారు. సినిమా షూటింగుల్లో ఒకప్పుడు నాగ్రా అనే టేప్ రికార్డరు మీద పాట వినిపించేవాళ్లు, అందుకని ఆ పనినే నాగ్రా అనేవాళ్లు. మొదటి పాటప్పుడు మేం ఆ అమ్మాయి చేతిలోనే ఫోను పెట్టి పాట పెట్టుకోమన్నాం. బయట గాలికి సరిగా వినపడక ఆమె పెదవులు మాత్రం కదిలించింది. తెర మీద అది వెంటనే తెలిసిపోతుంది. నిజంగా గొంతెత్తి పాడే మనిషికి మెడ నరాలు పొంగుతాయి, ఛాతీ లేస్తుంది, లైనుకీ లైనుకీ మధ్య ఊపిరి పీల్చుకోవడం కనిపిస్తుంది. ఉత్త పెదవులకు అవేవీ ఉండవు. రెండో పాటకు పెద్ద చప్పుడు చేసే స్పీకరు తెచ్చి, "ఎవురు వింటారని చూడొద్దు, గట్టిగా పాడు" అన్నాం. ఆ ఒక్క మార్పుతో వీడియో ప్రాణం పోసుకుంది. ఇది కొనండి, ముందు ఇదే కొనండి.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మాకు ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో తెలిసింది. అమ్మాయి బండల మీద, నేను కింద దూరంగా, స్పీకరు నా పక్కన. ఎడిటింగులో పాటకు ఫోను రికార్డు చేసిన శబ్దాన్ని సరిగ్గా కలిపినా పెదవులు వెనకబడ్డాయి. ఎందుకో అర్థం కాక రెండు రాత్రులు తల పట్టుకున్నాం. కారణం చాలా మామూలుది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది. 34 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి పాట సెకనులో పదో వంతు ఆలస్యంగా వినపడుతుంది. సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు) తీస్తుంటే అది రెండున్నర ఫ్రేములు. పాట చూసేవాడికి ఎక్కడో తేడా ఉందనిపించడానికి అంత చాలు. అప్పటి నుంచి స్పీకరును ఎప్పుడూ పాడేవాళ్ల కాళ్ల దగ్గర, ఫ్రేముకు అందకుండా పెడుతున్నాం. దగ్గర షాట్లలో ఇక ఏ గొడవా లేదు. దూరం షాట్లలో ఈసారి శబ్దం కెమెరాకు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి పెదవులు ముందుంటాయి. కంటితో చూసుకుని రెండు మూడు ఫ్రేములు జరిపితే సరిపోతుంది. బ్లూటూత్ వల్ల వచ్చే ఆలస్యం గురించి కొందరు భయపెడతారు. పాడే మనిషీ, ఫోన్ మైకూ వినేది ఆ స్పీకరునే కాబట్టి దానితో మాకు ఇబ్బంది రాలేదు.

ఇంకో చిన్న పని చేయండి. పాట ఫైలును పల్లవి, మొదటి చరణం, రెండో చరణం అని ముక్కలు చేసి, ప్రతి ముక్క ముందూ లయకు సరిపోయేలా నాలుగు టిక్కులు పెట్టండి. లేకపోతే రెండో చరణం కోసం ప్రతిసారీ పాటను వెతుక్కోవాలి, ఈలోగా ఎండ మారిపోతుంది. టిక్కులు ఉంటే పాడేవాళ్లు మొదటి అక్షరం నుంచే సరిగ్గా అందుకుంటారు.

స్లో మోషన్‌లో పెదవులు కలవడానికి కూడా దారి ఈ స్పీకరే. ఫోనులో సెకనుకు 30 ఫ్రేములు తీసి, ఎడిటింగులో 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వాడితే కదలిక 80 శాతం వేగానికి తగ్గుతుంది. దానికి షూటింగులో పాటను ఒకటింపావు వేగంతో వినిపించాలి. జుట్టు, చున్నీ, దుమ్ము అన్నీ మెల్లగా కదులుతాయి, మాట మాత్రం పాటతో కలుస్తుంది. 60 ఫ్రేములు తీసి 30లో వాడాలంటే రెండింతల వేగంతో పాడాలి. మా అమ్మాయి వారం సాధన చేసి పల్లవి వరకు పాడగలిగింది, చరణాల్లో మాటలు ముద్దయిపోయాయి.

ఇక కాగితం. మొదటి పాటకు ఎక్కడెక్కడో కలిపి వందకు పైగా క్లిప్పులు తీశాం, ఎడిటింగుకు కూర్చున్నాక రెండో చరణం మూడో లైనుకు పనికొచ్చే షాటు ఒక్కటీ లేదని తేలింది. పరీక్షలు దగ్గరపడ్డాయి, మళ్లీ వెళ్లలేకపోయాం. ఆ లైను మీద ఆకాశం బొమ్మ వేసి సరిపెట్టాం. ఇప్పటికీ అది చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే పాటంతటిలో మంచి లైను అదే. అప్పటి నుంచి పాట మొత్తం ఎడమ వైపు లైను కింద లైను రాసి, పక్కన అది ఎన్నో సెకనులో వస్తుందో వేసి, పైన అడ్డంగా చోట్లు రాస్తాం. తీసిన గడిలో టిక్కు. ప్రతి లైనుకూ కనీసం రెండు టిక్కులు పడేదాకా ఆ రోజు సామాను సర్దం. ఒక మనిషి ఆ పనికే ఉండాలి. కెమెరా పట్టినవాడికి అది చేతకాదు.

ఎన్‌డీ ఫిల్టర్ మా ఎండకు తప్పనిసరి. ఫోన్ లెన్స్ రంధ్రం చాలా ఫోన్లలో మారదు, అందుకని వెలుతురు ఎక్కువైతే ఫోను షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడనిచ్చే సమయాన్ని) 1/1600, 1/2000 సెకను దాకా తీసుకుపోతుంది. అప్పుడు నడక, చేతుల ఊపు తుంపులు తుంపులుగా కనిపిస్తాయి. వెలుతురును 32వ వంతుకు తగ్గించే ఎన్‌డీ 32 పెడితే 1/1600 కాస్తా 1/50 అవుతుంది. షట్టర్, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలన్నది), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడే సర్దుబాటు) మనమే పెట్టి తాళం వేసే కెమెరా యాప్ కావాలి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా ఉచితంగా దొరుకుతుంది, అది పనిచేసే ఫోనైతే అదే చాలు. రాత్రి పాటను కొండారెడ్డి బురుజు దగ్గరి వీధుల్లో తీసినప్పుడు ఈ తాళం విలువ ఇంకా తెలిసింది. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 ఉంటే ఆ మినుకు కనపడదు. 1/60 దగ్గర నల్లటి పట్టీలు నడుస్తాయి.

ఎల్‌ఈడీ లైటు ముఖం దగ్గరి షాట్లకు బాగుంది, అంతే. మడిచే రిఫ్లెక్టర్ రాక్ గార్డెన్ గాలికి తెరచాపలా లాగేసింది. దానికంటే తెల్ల పంచె ఇద్దరు రెండు వైపులా పట్టుకుంటే మెత్తని వెలుగు పడింది. డ్రోన్ అద్దెకు తెద్దామనుకున్నాం కానీ ఓర్వకల్లులో విమానాశ్రయం ఉంది, మానుకున్నాం. పురావస్తు శాఖ చూసుకునే కట్టడాల దగ్గర షూటింగ్ అంటే ముందే అనుమతి తీసుకోవాలి, ట్రైపాడ్ నిలబెట్టాక అడగడం కుదరదు.

రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో నాలుగు పాటలూ పూర్తి చేశాం. 4కె దాకా వస్తుంది, వాళ్ల ముద్ర పడదు. మా ఎనిమిది జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో 4కె ఫైళ్లు ఆగి ఆగి నడిచేవి. ప్రాక్సీలు, అంటే ఎడిటింగు కోసం తేలికైన నకళ్లు, చేసుకున్నాక సాఫీగా నడిచాయి. ఇంకో విషయం, ఫోన్లు ఫ్రేముల వేగాన్ని సమంగా ఉంచవు. పొడవైన క్లిప్పులో మొదట కలిసిన పెదవులు చివరికి తప్పిపోవడానికి అదొక కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి తర్వాతే ఎడిటింగులోకి తెచ్చుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఎడిటింగ్ అయ్యాక మేం చూసుకునే పద్ధతి కూడా సామానులో భాగమే అనుకుంటాను. మొదటిసారి శబ్దం లేకుండా చూస్తాం. పాట మోసుకుపోతున్న బలహీనమైన షాట్లు అప్పుడు బయటపడతాయి. రెండోసారి ఎవరో ఒకరి ఇంట్లో టీవీలో, ఇంట్లోవాళ్లతో. అప్పుడు మేం తెర చూడం, వాళ్ల ముఖాలు చూస్తాం. ఎవరైనా ఫోను తీస్తే ఆ సెకను రాసుకుంటాం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత పోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపుతాం.

మూడో పాట వలస మీద. రాసినవాడిది కోసిగి వైపు పల్లె. ఇక్కడి పొలం పనులు అయిపోగానే పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వాళ్లు గుంటూరు వైపు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. తాళం వేసిన తలుపులు, ఇంటి దగ్గర మిగిలిన అవ్వ, లారీ ఎక్కే అమ్మానాన్న, ఇవీ మా షాట్లు. మాకు చాలా నచ్చింది. వాడి ఊళ్లో వాళ్లింట్లోనే చూపించాం. వాళ్లమ్మ చివరిదాకా చూసి, "పాట బాగుండాది నాయనా. అయితే ఆ యమ్మ చేతిలో ఒక్క సంచే ఉండాది. రెండు మూడు నెల్లకు పోయేటోళ్లు అట్లా పోతారా? బియ్యం, బొంతలు, గిన్నెలు అన్నీ మోసుకోని పోతాము" అంది. ఆమె చెప్పాక మాకు ఇంకేమీ కనపడలేదు, ఆ ఖాళీ చేతులే కనపడ్డాయి.

రెండు ఆదివారాలు మళ్లీ వెళ్లాం. ఈసారి మూటలు కట్టింది వాళ్లమ్మే. లారీలోకి మూటలు అందిస్తున్నప్పుడు ఆమె చేతులు, కట్టిన ముడి, చివర ఎక్కించిన నీళ్ల బిందె, వీటిని ట్రైపాడ్ మీద కదలకుండా తీశాం. ఒక్కో షాటు ఎనిమిది సెకన్లు ఉంచాం. మొదటి పాటలో నేను ఏ షాటునూ రెండు సెకన్లు నిలవనీయలేదు.

కొనే వరుస చెప్పమంటే, గట్టి స్పీకరు, కదలని ట్రైపాడ్, ఎన్‌డీ ఫిల్టర్. లైటు తర్వాత చూసుకోవచ్చు. గింబల్ కోసం మాత్రం డబ్బు పెట్టకండి. కాలేజీ పిల్లలకు మాది ఇస్తున్నాం, వారం ముందు చెప్పి తీసుకెళ్లండి. ఫిల్టర్ తగిలించాకే బ్యాలెన్స్ చూసుకోండి.