స్పానిషా, బయాలజీయా? డాక్టరవుదామనుకునే పిల్లకు ఏ మేజర్ మేలు

అమెరికాలోని తెలుగు ఇళ్లల్లో పిల్ల డాక్టరవుతాననడం ఆలస్యం, మేజర్ (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు) బయాలజీ అని అమ్మానాన్నలే ఖాయం చేసేస్తారు. ఇంటర్‌లో బైపీసీ తీసుకోకపోతే ఎంబీబీఎస్ ఊసే ఉండని చోటు నుంచి వచ్చినవాళ్లం, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? పైగా ఇక్కడ నాలుగేళ్ల డిగ్రీ అయ్యాకే చేరే మెడికల్ స్కూళ్లకు అప్లై చేసేవాళ్లలో సగానికి పైగా బయాలజీ వాళ్లే. దాంతో అదేదో రూలనుకుంటాం.

ఈ ఏడాది మా అక్క కూతురు ఆ రూలుకే ఎసరు పెట్టింది. డాలస్ పక్కన ఉంటారు, పిల్ల పన్నెండో తరగతి. "ఏపీ స్పానిష్‌లో 5 వచ్చింది మామయ్యా. స్పానిష్ మేజర్ చేసి మెడిసిన్‌కి వెళ్తాను, అమ్మకి నువ్వు చెప్పు" అంది. ఏపీ అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష, అందులో 5 అంటే అన్నిటికన్నా పై స్కోరు. ఫోన్ పక్కనుంచే మా అక్క గొంతు: "ఒరేయ్, దానికి వత్తాసు పలికావంటే ఊరుకోను. స్పానిష్ చదివినదానికి మెడికల్ సీటెవడిస్తాడ్రా?"

ఇస్తారు. మెడికల్ స్కూళ్లకు మేజర్ పేరుతో పనిలేదు, కొన్ని కోర్సులు మాత్రం పూర్తి చేసి రమ్మంటాయి. మామూలుగా ఏడాది బయాలజీ, ఏడాది జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఏడాది ఫిజిక్స్, వీటికి ల్యాబులు, ఆపైన బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్. అన్నీ కలిపితే డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్లలో 40 దగ్గర తేలుతుంది. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు బయాలజీ ఇంకాస్త ఎక్కువే అడుగుతాయి. ఆ స్కూళ్లలో 90 శాతం సీట్లు టెక్సాస్ వాళ్లకే కాబట్టి, అక్కడ ఉండేవాళ్లు ఆ జాబితాను ముందే చూసుకోవాలి. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ మెడికల్ స్కూల్ అయితే 1987 నుంచే సాహిత్యం, చరిత్ర లాంటివి చదివేవాళ్లకు విడిగా ఒక దారి తెరిచింది. ఆ దారిన వెళ్లినవాళ్లు ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) కూడా లేకుండా చేరారు. తర్వాత చూస్తే చదువులో మిగతావాళ్లకు తీసిపోలేదని తేలింది.

ఏటా ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) విడుదల చేసే పట్టికల్లో ఇంకో సంగతి కనిపిస్తుంది. హ్యుమానిటీస్ మేజర్లతో అప్లై చేసేవాళ్లు చాలా తక్కువ, కానీ వాళ్లలో సీటొచ్చే శాతం బయాలజీ వాళ్ల కంటే కాస్త ఎక్కువే. దీన్ని చూపించి స్పానిష్ తీసుకుంటే సీటు తేలిగ్గా వస్తుందని చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. సాహిత్యం మేజరై ఉండి సైన్సు కోర్సులన్నీ గట్టెక్కి, ఎంక్యాట్ రాసి అప్లై చేసేదాకా వచ్చారంటే వాళ్లు ముందే వడపోతలో మిగిలినవాళ్లు. ఆ శాతం వాళ్ల గట్టిదనాన్ని చూపిస్తుందే తప్ప మేజర్ మహిమను కాదు.

గ్రేడ్ల దగ్గరే అసలు పేచీ. బయాలజీలో కెమిస్ట్రీ, ఫిజిక్స్‌తో కలిపి 60, 70 క్రెడిట్లు సైన్సే. చాలా క్లాసుల్లో కర్వ్ మీద గ్రేడింగ్, అంటే పక్కవాళ్ల మార్కులను బట్టి మన గ్రేడు, వందల మంది కూర్చునే హాలు, అందరూ మెడిసిన్‌కి సిద్ధమయ్యే ప్రీ-మెడ్లే. స్పానిష్ మేజర్ 30 నుంచి 36 క్రెడిట్లలో అయిపోతుంది, పై క్లాసుల్లో ఇరవై మంది ఉంటే ఎక్కువ, ప్రొఫెసర్‌కి పేరు తెలుస్తుంది, రేపు రికమెండేషన్ లెటర్ అడగడానికి మొహమాటం ఉండదు. కాబట్టి స్పానిష్‌తో మొత్తం జీపీఏ (గ్రేడ్ల సగటు) బాగుంటుందనే మాట నిజమే. కానీ అప్లికేషన్‌లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ గ్రేడ్లను విడిగా తీసి ఇంకో జీపీఏ కడతారు, దాన్ని బీసీపీఎం అంటారు. స్పానిష్ పిల్లకు ఆ లెక్కలోకి వచ్చేది పన్నెండు, పదమూడు కోర్సులే. ఆర్గానిక్‌లో ఒక సీ గ్రేడు వచ్చిందంటే దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకేమీ ఉండదు. బయాలజీ పిల్లకు అదే సీ వస్తే తర్వాత జెనెటిక్స్, ఫిజియాలజీ, ఇమ్యునాలజీలో ఏ గ్రేడ్లు తెచ్చుకుని సర్దుకునే వీలుంది. స్పానిష్ మేజర్ సులువు దారి అనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

ఎంక్యాట్‌లో నాలుగు భాగాలు, మొత్తం 528. అందులో ఒకటి పూర్తిగా చదివి అర్థం చేసుకునే భాగం, సైన్సు పిల్లలు ఎక్కువ తిట్టుకునేది దాన్నే. వారానికి వంద పేజీలు చదివి వాదన రాసే అలవాటున్నవాళ్లకు అక్కడ కొంత కలిసొస్తుంది. అలాగని సెల్ బయాలజీ, ఫిజియాలజీ తీసుకోకుండా ఎంక్యాట్‌కి కూర్చోవడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

ఇక స్పానిష్ వల్ల ఆసుపత్రిలో ఒరిగేదేమిటి? అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైగానే. ఇంగ్లిష్ రాని రోగికి దుబాసీని ఇవ్వడం ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులకు చట్టరీత్యా తప్పనిసరి. చాలాచోట్ల ఆ దుబాసీ చక్రాల స్టాండు మీదున్న ట్యాబ్లెట్‌లో ఉంటారు. హ్యూస్టన్‌లో ఫ్యామిలీ మెడిసిన్ చేసే మా స్నేహితుడు ఒకసారి వర్ణించి చెప్పాడు. షుగరున్న పెద్దావిడ, పక్కన కూతురు. ఆయన అడిగింది ట్యాబ్లెట్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి స్పానిష్‌లో వస్తుంది, ఆవిడ తెరకేసి చూసి జవాబు చెబుతుంది. మాత్రలు వేసుకుంటున్నారా అంటే వేసుకుంటున్నానంది. తర్వాత కూతురి వైపు తిరిగి గొంతు తగ్గించి ఏదో గొణిగింది. ఆ ముక్క ట్యాబ్లెట్‌కి అందలేదు, గదిలో నిలబడ్డ మెడికల్ స్టూడెంట్‌కి అందింది. మాత్రతో కడుపులో వికారం పెడుతోందని రోజు విడిచి రోజు వేసుకుంటోందట. మందు మార్చారు, సమస్య తీరింది.

ఇలాంటి గొణుగుడు చెవిన పడాలంటే ఎంత స్పానిష్ రావాలి? హైస్కూల్ నాలుగేళ్లు చాలదు. 18 క్రెడిట్ల మైనర్ (మేజర్ పక్కన చదివే చిన్న సబ్జెక్టు) చేస్తే పలకరింపులు, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి అనేవరకు వస్తుంది. మేజర్ చేసి, అందులో ఒక సెమిస్టర్ స్పెయిన్‌లోనో కోస్టారికాలోనో ఎవరింట్లోనైనా ఉండి వస్తే అప్పుడు చెవి తెరుచుకుంటుంది. మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. తెల్లపిల్లలు కుస్తీపట్టే త, ద లు మన ఇంటి శబ్దాలే, అచ్చులు కూడా నిక్కచ్చిగా పలికేవి. కానీ క్లాసులో పక్క సీట్లో ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ పెరిగిన పిల్లలు ఉంటారు, మొదటి ఏడాది వాళ్ల వేగం చూసి బెదిరిపోకూడదు. ఇంకో మాట: మేజర్‌లో ఎక్కువ భాగం సాహిత్యం, చరిత్ర, భాషాశాస్త్రం. ఆసుపత్రి స్పానిష్ నేర్పే క్లాసు ఉందో లేదో ఆ కాలేజీ కేటలాగ్‌లో ముందే చూసుకోవాలి. డిగ్రీ ఉన్నంతమాత్రాన రోగితో నేరుగా మాట్లాడనివ్వరు, చాలా ఆసుపత్రులు విడిగా భాషా పరీక్ష పెడతాయి.

బయాలజీని తక్కువ చేయడం లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ల్యాబులోకి వెళ్లి, పిపెట్‌తో చుక్కలు కొలిచి, జెల్ మీద గీతలు రావాల్సిన చోట రాకపోతే ఎందుకు రాలేదా అని రాత్రి కూడా ఆలోచించే పిల్లలుంటారు. వాళ్లను స్పానిష్‌కి పంపితే పాపం. రెండో ఏడాది నుంచే ప్రొఫెసర్ ల్యాబులో చేరి, వైద్యం, పరిశోధన కలిపి చదివే ఎండీ-పీహెచ్‌డీ వైపో పరిశోధన వైపో వెళ్లేవాళ్లకు ఈ మేజర్‌కి సాటి లేదు. చిక్కల్లా వేరే ఇష్టమేదీ లేక, డాక్టర్ కావాలి కాబట్టి ఇందులో చేరినవాళ్లతోనే.

సీటు రాకపోతే? ఆ ప్రశ్న వేసుకోకుండా మేజర్ ఎంచుకోకూడదు. ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది సుమారు 23 వేల మందే, అంటే సగం మందికి పైగా ఆ ఏడాదికి ఇంటిముఖమే. బయాలజీ డిగ్రీ ఒక్కటే ఉంటే ల్యాబ్ టెక్నీషియన్, కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, క్లినికల్ ట్రయల్స్ చూసే కోఆర్డినేటర్ లాంటి ఉద్యోగాలు. స్పానిష్ డిగ్రీ ఒక్కటే ఉంటే టీచర్ లైసెన్స్, లేదా 40 గంటల శిక్షణ తీసుకుని సర్టిఫికేషన్ పరీక్ష రాసి ఆసుపత్రి దుబాసీ పని. టెక్నీషియన్‌కైనా దుబాసీకైనా ఏడాదికి 50 వేల డాలర్ల పైచిలుకే మధ్యస్థ జీతం, అంటే డబ్బు దగ్గర ఒకదాన్ని చూసి ఇంకోటి మీసం మెలేయడానికేమీ లేదు. ఫిజిషియన్ అసిస్టెంట్, డెంటల్ లాంటివాటికి కావలసిన సైన్సు కోర్సులు ఎలాగూ ఇద్దరి దగ్గరా ఉంటాయి.

రెండింటి మీదా మబ్బులున్నాయి. 2023లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం ఖర్చు తగ్గించుకోవడానికి విదేశీ భాషల మేజర్లన్నీ ఎత్తేసింది, స్పానిష్‌కి క్లాసులు మాత్రం మిగిల్చింది. 2025లో పరిశోధన నిధులకు కోత పడేసరికి కొన్ని విశ్వవిద్యాలయాలు బయాలజీ పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. అనువాదం పని ఫోనే చేస్తోంది కదా అంటారు, ఆ భయం ఉత్తిదేమీ కాదు. అయితే ఆసుపత్రిలో ముఖ్యమైన కాగితాలను యంత్రం అనువదిస్తే అర్హత ఉన్న మనిషి సరిచూడాలని 2024 ఫెడరల్ నిబంధనలు చెబుతున్నాయి.

ఇంతవరకూ చెప్పిందంతా సిటిజన్, గ్రీన్‌కార్డ్ పిల్లల సంగతి. హెచ్-4 (ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల పిల్లలకిచ్చే వీసా) మీద పెరిగిన పిల్లలకు ఈ చర్చలో సగం చెల్లదు. గ్రీన్‌కార్డ్ క్యూలో నాన్న ఇంకా నిలబడి ఉండగానే పిల్లకు 21 నిండితే ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారాలి. డిగ్రీ అయ్యాక ఎఫ్-1 మీద పని చేసుకోవడానికి అందరికీ 12 నెలలే. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్న మేజరైతే ఇంకో 24 నెలలు కలుస్తాయి. బయాలజీ ఆ జాబితాలో ఉంది, స్పానిష్ లేదు. ఎఫ్-1 పిల్లలను తీసుకునే మెడికల్ స్కూళ్లు కొన్నే, వాటిలోనూ కొన్ని నాలుగేళ్ల ఫీజూ ముందే బ్యాంకులో చూపించమంటాయి. అలాంటప్పుడు ఆ రెండేళ్లే ఇంటికి ఆధారం. ఆ ఇళ్లల్లో పిల్ల స్పానిష్ అంటే నేను కూడా అక్కలాగే అరుస్తాను. బయాలజీ మేజర్, స్పానిష్ మైనర్, అంతే.

మా మేనకోడలు ఇక్కడే పుట్టింది, వీసా గొడవ లేదు. ల్యాబుల మీద మోజూ లేదు. ఏడో తరగతి నుంచి స్పానిష్ అంటే పడిచస్తుంది. అందుకే స్పానిష్ వైపే మొగ్గాను. మేజర్ రాసివ్వడానికి రెండో ఏడాది చివరిదాకా గడువుంటుంది. మొదటి సెమిస్టర్‌లోనే కెమిస్ట్రీ, బయాలజీతో పాటు పై స్థాయి స్పానిష్ క్లాసు ఒకటి పెట్టుకోమన్నాను. రెండో ఏడాదికి ఆర్గానిక్ తగులుతుంది. అందులో ఏ గానీ బీ ప్లస్ గానీ వస్తే ధైర్యంగా స్పానిష్ అని రాసేయమన్నాను. సీ వస్తే బీసీపీఎం పైకి లేపడానికి ఇంకా సైన్సు కోర్సులు కావాలి, అప్పుడు బయాలజీయే గతి.

అక్క ఇంకా దిగిరాలేదు. "రెండూ చేస్తే పోలా? డబుల్ మేజర్ ఉందిగా" అంటోంది. కాగితం మీద 120 క్రెడిట్లలో కుదురుతుంది కూడా. కానీ పై స్థాయి బయాలజీ ల్యాబులు, అందరూ చదవాల్సిన కోర్ క్లాసులు పోను ఎనిమిది సెమిస్టర్లలో ఖాళీ మిగలదు, ముందు ఎగిరిపోయేది స్పెయిన్ సెమిస్టరే. అది లేని స్పానిష్ మేజర్ కంటే మైనరే నయం.